వైజాగ్ తీరంలో మోహో లోతు: తూర్పు భూకంపాలకి ఒక లెక్క, పడమటి భూకంపాలకి ఇంకో లెక్క వస్తోంది

శైలు_జాలరిపేట

అందరికీ నమస్తే అండి. నేను ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ఫైనలియర్, ఊరు వైజాగే. ప్రాజెక్టుకి మా గైడ్ గారు తీరానికి దగ్గర్లో ఉన్న ఒక బ్రాడ్‌బ్యాండ్ భూకంప స్టేషన్ డేటా ఇచ్చి, రిసీవర్ ఫంక్షన్లు చేసి ఈ స్టేషన్ కింద క్రస్ట్, అంటే భూమి పై పెంకు, ఎంత మందం ఉందో తేల్చమన్నారు. రెండు నెలల్నుంచి ఇదే పని మీద ఉన్నాను, ఇప్పుడు ఒక చోట ఇరుక్కుపోయాను.

ఈ పద్ధతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్కడో దూరంగా పెద్ద భూకంపం వస్తే దాని పీ తరంగం భూమి లోపల్నుంచి తిరిగొచ్చి మన కాళ్ళ కింద నుంచి పైకి తేలుతుంది, అలా వచ్చేటప్పుడు క్రస్ట్ కింది పొర అయిన మాంటిల్ దాటి క్రస్ట్‌లోకి అడుగుపెట్టే గీత దగ్గర, అంటే మోహో దగ్గర, అందులో కొంత భాగం ఎస్ తరంగంగా మారిపోతుంది. పీ ముందు వచ్చేస్తుంది, మారిన ఎస్ నాలుగైదు సెకన్లు వెనకబడి వస్తుంది. ఆ వెనకబాటు ఎంతో కొలిస్తే మోహో ఎంత లోతో లెక్క కట్టొచ్చు.

నా ఇబ్బంది ఏంటంటే, జపాన్, పాపువా న్యూగినీ, బండా సముద్రం వైపు నుంచి వచ్చిన వాటికి ఆ ఎస్ పీక్ సుమారు 4.3 సెకన్ల దగ్గర కనిపిస్తోంది, 2023 ఫిబ్రవరి 6 టర్కీ భూకంపాలకి మాత్రం 4.8 దగ్గర ఉంది. అన్నీ కలిపి స్టాక్ చేస్తే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, 4.5 దగ్గర వెడల్పాటి, మొద్దుగా ఉన్న పీక్ వస్తోంది. పీ వేగం సెకనుకి 6.4 కిలోమీటర్లు, పీ ఎస్ వేగాల నిష్పత్తి 1.75 పెడితే మోహో లోతు 36.7 కిలోమీటర్లు. మందం (హెచ్), ఆ నిష్పత్తి (కప్పా) రెండూ ఒకేసారి వెతికే హెచ్-కప్పా స్టాకింగ్ చేస్తే ఒక చుక్కలా రావాల్సింది పొడుగ్గా ఏటవాలుగా సాగిపోయిన మరకలా వస్తోంది. మా సీనియర్ ఒకాయన సగటు వేసి 36.7 రాసెయ్, అందరూ అలాగే రాస్తారు అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. అర సెకను తేడా అంటే నాలుగు కిలోమీటర్లు కదా, అది ఎక్కడికి పోయినట్టు?

ఇంకో మాట. మా నాన్న బోటు మీద వేటకి వెళ్తారు. మొన్న రాత్రి నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఈ గీతలు చూస్తుంటే వెనకాల నిలబడి చాలాసేపు చూసి "ఏటమ్మా, మా బోటులో ఎకో లాంటిదేనా ఇది, కింద ఎన్ని బారలుంటాదేటి" అని అడిగారు. 36.7 కిలోమీటర్లు అంటే బారల్లో ఇరవై వేలు అవుతుంది. చెప్పాను. "ఎవులైనా తవ్వి చూసినారా" అన్నారు. లేదన్నాను. "మరి నీకెలా తెల్సు" అన్నారు. దానికి నేను చెప్పిన జవాబు నాకే సరిగ్గా అనిపించలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.


పాత_సీస్మో_మాస్టారు

శైలు అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్న తీసుకుంటాను, నీ చిక్కుముడి కూడా అందులోనే ఉంది.

తవ్వి ఎవరూ చూడలేదు, నిజమే. మనిషి వేసిన బోర్లలో కెల్లా లోతైనవాటిలో ఒకటి రష్యాలో కోలా దగ్గరిది, 1970లో మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు, అదీ మన క్రస్ట్‌లో మూడో వంతు. అంచేత లోపల ఏముందో చెప్పాలంటే తరంగమే దిక్కు. ఎకో సౌండర్ కూడా అంతే కదా, శబ్దం పంపిస్తుంది, అది అడుగుకి తగిలి తిరిగొచ్చే టైము చూస్తుంది, టైముని వేగంతో గుణించి లోతు చూపిస్తుంది. అక్కడ హాయి ఏంటంటే నీళ్ళలో శబ్దం వేగం సెకనుకి దాదాపు 1500 మీటర్లని ముందే తెలుసు. నీకు ఆ హాయి లేదు. నీ చేతిలో ఉన్నది టైము ఒక్కటే, వేగం నువ్వు అనుకున్నది. నువ్వు కొలిచింది 4.5 సెకన్లు, 36.7 అనేది నువ్వు ఊహించిన వేగాలతో కలిపి వచ్చిన అంకె, ఈ రెండిటినీ ఎప్పుడూ ఒకే గాటన కట్టకు.

ఎంత తేడా వస్తుందో చూడు. అదే 4.5 సెకన్లు, అదే 6.4 వేగం, తరంగం ఎంత వాలుగా వస్తోందో చెప్పే రే పారామీటర్ 0.06 పెట్టుకుని నిష్పత్తి 1.70 అనుకుంటే 39.3 కిలోమీటర్లు వస్తుంది, 1.75 అయితే నీ 36.7, 1.80 అయితే 34.5. పీ వేగాన్ని 6.4 నుంచి 6.6కి మార్చినా కిలోమీటరు మాత్రమే కదులుతుంది, నిష్పత్తిని 0.05 మారిస్తే రెండు కిలోమీటర్లు పైనే పోతుంది. ఇద్దరు మనుషులు మోహో దగ్గర ఒకేసారి బయల్దేరారు, ఒకడు 4.5 సెకన్లు లేటుగా చేరాడు, వాడు ఎంత నెమ్మదిగా నడుస్తాడో తెలియకుండా దారి పొడుగు ఎలా చెప్తావు? అందుకే 2000లో ఝూ, కనమోరి ఇద్దరూ కలిసి ఈ హెచ్-కప్పా పద్ధతి పెట్టారు, ఒక్క పీక్‌ని నమ్మకుండా, పైకొచ్చి నేలకి తగిలి మళ్ళీ కిందికెళ్ళి మోహోకి కొట్టుకుని వచ్చే ప్రతిధ్వనుల్ని కూడా కలిపి చూడటం. నీ లెక్క ప్రకారం అవి 15.1 సెకన్ల దగ్గర పాజిటివ్‌గా ఒకటి, 19.6 దగ్గర నెగటివ్‌గా ఒకటి కనపడాలి. అవి నీ ట్రేసుల్లో విడివిడిగా కంటికి కనిపిస్తున్నాయా? కనపడకపోతే హెచ్-కప్పా బొమ్మ పొడుగు మరకలాగే వస్తుంది, అది కోడ్ తప్పు కాదు, డేటా తనకి తెలియదని చెప్తోంది.

అసలు సంగతికి వస్తాను. స్టేషన్ "కింద" మందం అంటున్నావు, కానీ ఆ ఎస్ తరంగం పుట్టింది స్టేషన్‌కి నేరుగా కింద కాదు. తరంగం ఏటవాలుగా వస్తుంది, 37 కిలోమీటర్ల లోతులో మోహోని తాకే చోటు స్టేషన్‌కి ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు పక్కన ఉంటుంది, భూకంపం ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకి. ఇప్పుడు వైజాగ్ మ్యాప్ ముందు పెట్టుకో. టర్కీ మనకి వాయవ్యంలో ఉంది, దాని తరంగం సింహాచలం కొండల వైపు కింద నుంచి వచ్చింది. పాపువా న్యూగినీ, బండా సముద్రం తూర్పుకి కాస్త ఆగ్నేయంగా ఉన్నాయి, వాటి తరంగం మోహోని దాటిన చోటు పైన సముద్రమే, మీ నాన్నగారి బోటు తిరిగే చోటే. జపాన్ ఈశాన్యం, అది దాదాపు తీరం వెంబడి, రుషికొండ భీమిలి వైపు నుంచి వస్తుంది. నువ్వు ఈ మూడు చోట్లని ఒకే కుండలో పోసి కలిపేశావు, పీక్ మొద్దుబారక ఏమవుతుంది?

ఖండం కింద క్రస్ట్ మామూలుగా 35 నుంచి 40 కిలోమీటర్లు, సముద్రం నడి మధ్య దాదాపు 7. మన తీరం ఆ రెండిటికీ మధ్య గట్టు. సముద్రం వైపు తక్కువా కొండల వైపు ఎక్కువా వస్తే ఆశ్చర్యం లేదు. అయితే తొందరపడకు, ఆ అర సెకనులో కొంత దూరం వల్ల కూడా వస్తుంది. దగ్గరి భూకంపం తరంగం ఎక్కువ వాలుగా వస్తుంది కాబట్టి మోహో అదే లోతులో ఉన్నా ఎస్ కొంచెం లేటుగా చేరుతుంది. అదే 36.7 కిలోమీటర్లకి టర్కీ దూరంలో, అంటే 45 డిగ్రీల దగ్గర (భూగోళం మీద ఒక డిగ్రీ సుమారు 110 కిలోమీటర్లు), 4.58 సెకన్లు రావాలి, పాపువా న్యూగినీ 70 డిగ్రీలు, దానికి 4.47, వనువాటు 90 డిగ్రీలు, దానికి 4.4 లోపు. అంటే ఒకటి రెండు దశాంశాలు ఏ వింతా లేకుండానే పోతాయి. ఈ దూరం తేడాని సరిచేసే మూవౌట్ కరెక్షన్ చేశావా? చెయ్యకపోతే అది ముందు చెయ్యి, లేదా సమాన దూరంలో ఉన్నవాటినే పక్కపక్కన పెట్టి చూడు. 2024 జనవరి 1న జపాన్‌లో నోటో దగ్గర వచ్చింది మనకి 51 డిగ్రీలు, టర్కీతో పోల్చడానికి అది పనికొస్తుంది, వనువాటు పనికిరాదు.

ఇంకొకటి, నీ కోడ్ మీద నమ్మకం కుదరాలంటే ముందు హైదరాబాద్ చెయ్యి. ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ప్రాంగణంలో ఉన్న హెచ్‌వైబీ స్టేషన్ ఫ్రాన్స్ వాళ్ళ జియోస్కోప్ నెట్‌వర్క్‌లోది, డేటా ఎవరైనా దించుకోవచ్చు. అక్కడ మోహో చదునుగా, శుభ్రంగా ఉంటుంది, నాలుగు సెకన్ల దగ్గర పీక్, 33 కిలోమీటర్ల చుట్టుపక్కల లోతు రావాలి. అది వస్తే నీ కోడ్ సరైనది, అప్పుడు వైజాగ్‌లో వచ్చే వింతలన్నీ వైజాగ్‌వే.


బీచ్‌రోడ్_రమణ

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను సివిల్, ఈ సబ్జెక్టు కాదు. క్రస్ట్ 1.0 అని ప్రపంచం మొత్తానికి రెడీమేడ్ మోడల్ ఉంది కదా, అందులో వైజాగ్ దగ్గర అంకె చూసుకుంటే సరిపోదా? ఇంత కష్టం ఎందుకు?


సిగ్నల్_సూరిబాబు

రమణ గారూ, ఆ మోడల్ 2013లో వచ్చింది, ఒక డిగ్రీకి ఒక డిగ్రీ గడి, అంటే ఒక్కో గడి సుమారు 110 కిలోమీటర్లు. వైజాగ్ పడే గడిలో భీమిలి ఉంటుంది, ఆవల బోలెడంత సముద్రం కూడా ఉంటుంది, అన్నిటికీ కలిపి ఒకటే అంకె. ప్రపంచ పటం గీయడానికి చాలా మంచిది, కానీ శైలు గారు అడిగేది ఆ ఒక్క గడి లోపల ఎలా మారుతోంది అని. అలాంటి మోడళ్ళు కూడా ఇలాంటి ఒక్కో స్టేషన్ లెక్కల్ని పోగేసి, లెక్కలు లేని చోట పోలికతో నింపి తయారు చేసినవే, కాబట్టి దాంతో సరిపోయిందా లేదా అని చూడొచ్చు గానీ దాన్నే జవాబుగా రాయకూడదు.

శైలు గారూ, మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, కానీ అంతకన్నా ముందు ఒక పని చెయ్యండి, స్టేషన్ ఉత్తరం నిజంగా ఉత్తరమేనా చూడండి. నేను ఇది అనుభవం మీద చెప్తున్నాను. నేను ఫీల్డులో చేస్తున్నప్పుడు ఒక స్టేషన్ డేటాలో దిక్కుని బట్టి పీక్ మారుతోందని, మోహో వాలుగా ఉందని ఆరు నెలలు కూర్చుని మోడల్ కట్టాం. ఆఖర్న తెలిసింది ఏంటంటే సెన్సార్ పెట్టిన మనిషి ఇనప తలుపు పక్కన నిలబడి కంపాస్ చూశాడు, సూది తలుపు వైపు లాగేసింది, ఉత్తరం ఇరవై డిగ్రీలు పక్కకి పోయింది. ఆరు నెలల పని పోయింది, రిపోర్టు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ రిపోర్టు గుర్తొస్తే బాధేస్తుంది.

ఎలా పట్టుకోవాలంటే, రేడియల్ (భూకంపం వైపు కదలిక), టాంజెన్షియల్ (దానికి అడ్డంగా కదలిక) రెండూ గీయండి, సున్నా సెకను దగ్గర, అంటే పీ వచ్చిన క్షణంలో, టాంజెన్షియల్‌లో ఏమీ ఉండకూడదు. ప్రతి భూకంపానికీ ఉత్తరాన్ని రెండేసి డిగ్రీల చొప్పున తిప్పుతూ ఏ కోణంలో అది అతి తక్కువ అవుతుందో చూడండి. అన్ని దిక్కుల భూకంపాలకీ ఒకే కోణం వస్తే సెన్సార్ తిరిగిపోయినట్టు. దిక్కుకొక కోణం వస్తే అప్పుడు నిజంగా భూమిలోనే ఏదో ఉంది.

ఇక నాయిస్ సంగతి. తీరంలో స్టేషన్ అంటే సముద్రం పక్కనే కూర్చుని పాట వినడం లాంటిది. అలలు ఒకదానికొకటి ఎదురుపడి నేలని నొక్కుతుంటే పుట్టే మైక్రోసీజం నాలుగు నుంచి ఎనిమిది సెకన్ల పీరియడ్‌లో ఉంటుంది, మీరు వెతికే పీక్ 4.5 సెకన్ల దగ్గర, ఒకసారి ఆలోచించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీద పడింది కదా, అలాంటి తుఫాను సముద్రంలో ఉండగానే సీస్మోగ్రాం గీత లావెక్కడం మొదలవుతుంది, అలాంటి రోజుల్లో వచ్చిన ఏ భూకంపాన్నీ తీసుకోవద్దు. వానాకాలం ఈవెంట్లని కూడా ఒకటికి రెండుసార్లు చూడండి. ట్రేసులోంచి భూకంపం సొంత ఆకారాన్ని తీసేసే డీకన్వల్యూషన్‌కి వాటర్ లెవెల్ పద్ధతి వాడుతుంటే, ఇటరేటివ్ టైమ్ డొమైన్‌తో కూడా ఒకసారి చేసి రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టండి, రెండిట్లోనూ ఉన్న పీక్ నమ్మదగినది, ఒకదాంట్లోనే ఉంటే పక్కన పెట్టండి. గాసియన్ ఫిల్టర్ 2.5తో చేస్తే వివరం ఎక్కువ, గొడవ ఎక్కువ, 1.0తో చేస్తే నున్నగా ఉంటుంది, మోహో రెండిట్లోనూ కదలకుండా అదే చోట ఉండాలి.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి, పెద్ద భూకంపం అయితే మంచిదనుకోవడం. టర్కీ 7.8 పగులు నిమిషం పైన సాగింది, పీ వెనకాలే దాని సొంత తోక అంతా వస్తుంది, దాన్ని డీకన్వల్యూషన్ పూర్తిగా కడగలేదు. 6కీ 6.8కీ మధ్య ఉన్నవి, ఠక్కున మొదలై ఠక్కున ఆగినవి, అవి చాలా శుభ్రంగా వస్తాయి. పడమటి వైపు మీకు రెండే ఉన్నాయంటే నాకు భయంగా ఉంది. మీ డేటా ఎప్పటి నుంచి ఉందో తెలీదు గానీ 2017 నవంబర్ 12 ఇరాన్ ఇరాక్ సరిహద్దుది 37 డిగ్రీలు, 2020 అక్టోబర్ 30 ఏజియన్ సముద్రంది 53 డిగ్రీలు, రెండూ వాయవ్యమే, వాటి తరువాతి షాకులు కూడా చూడండి. హిందూకుష్ వాటిని తీసుకోవద్దు, 22 డిగ్రీలే, 30 లోపలివి మాంటిల్ మలుపుల్లో చిక్కుకుని రెండు మూడు పీలుగా వస్తాయి. మొన్నటి 2025 మార్చి 28 మయన్మార్ భూకంపం ఇక్కడ చాలామందికి తెలిసింది గానీ అదీ అంతే, 12 డిగ్రీల చిల్లర, మీకు పనికిరాదు.


అరకు_రాళ్ళు

నేను జియాలజీ మనిషిని, తరంగాల లెక్కలు మీ అంత రావు, కానీ ఆ నిష్పత్తి 1.75 ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని అడగాలనిపించింది. అందరూ పెడతారని పెట్టావా, లేక కింద ఏ రాయి ఉందో చూసి పెట్టావా? ఎందుకంటే అది రాయి మాట. క్వార్ట్జ్ ఎక్కువ ఉన్న రాయిలో నిష్పత్తి తగ్గుతుంది, ముదురు రంగు ఖనిజాలు, ఫెల్డ్‌స్పార్ పెరిగే కొద్దీ పెరుగుతుంది, కింది క్రస్ట్‌లో నల్లరాయి బాపతు ఎక్కువుంటే 1.80 దాకా పోతుంది.

కైలాసగిరి ఎక్కితే రోడ్డు పక్కన కోసిన చోట ఒకసారి ఆగి చూడు. తుప్పు రంగులో, పొరలు పొరలుగా, గోరుతో గీకితే పొడి రాలే రాయి కనిపిస్తుంది, దాంట్లో బఠాణీ గింజంత ఎర్రటి గార్నెట్లు, తళుక్కుమనే గ్రాఫైట్ రేకులు ఉంటాయి. అది ఖోండలైట్. ఒడిశా వైపు కోందుల పేరు మీద ఆ పేరు పెట్టారు, కోణార్క గుడి చాలావరకు కట్టింది దాంతోనే. దాని పక్కనే నీలి ఆకుపచ్చ నూనె మెరుపుతో గట్టిగా ఉండేది చార్నోకైట్. ఈ రెండూ గ్రాన్యులైట్ తరగతి రాళ్ళు, అంటే నేల మీద పుట్టినవి కావు, పాతిక ముప్పై కిలోమీటర్ల లోతులో, అరకు పాడేరు వైపు కొన్ని చోట్లైతే 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిన రాళ్ళు. ఇప్పుడు మనం వాటి మీద రోప్‌వే వేసుకుని తిరుగుతున్నాం.

దీన్ని బట్టి ఒక లెక్క వేసి చూడండి. పాతిక కిలోమీటర్ల లోతులో ఉన్నది పైకి తేలింది అంటే దాని మీదున్న పాతిక కిలోమీటర్లు కొట్టుకుపోయాయి. అంతా పోయాక కూడా కింద ఇంకా 35 పైన మిగిలి ఉందని శైలు లెక్క చెప్తోంది. కింద నుంచి కొత్తగా వచ్చి చేరింది కొంత ఉండొచ్చు, అది పక్కన పెట్టినా, ఒకప్పుడు ఇక్కడ క్రస్ట్ అరవై కిలోమీటర్ల దాకా ఉండి ఉండాలి, అంటే ఇవాళ టిబెట్ కింద ఉన్నదానికి దగ్గర. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందటి మాట, అప్పుడు ఈ తూర్పు కనుమలూ అంటార్కిటికాలో ఎండర్‌బీ ల్యాండ్ వైపు ఉన్న రాళ్ళూ ఒకే పర్వత శ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట అవి విడిపోతేనే మనకి ఈ తీరం వచ్చింది. విడిపోయేటప్పుడు క్రస్ట్ సాగింది, సాగిన చోట పలచబడింది. అంచేత సముద్రం వైపు తగ్గడం రాళ్ళ కథకి సరిపోతుంది, నీ తరంగాల లెక్కలో కూడా అదే వస్తే నాకు చాలా సంతోషం.

ఇంకొకటి. స్టేషన్ గట్టి రాయి మీద ఉందా మట్టి మీద ఉందా కనుక్కో. మన తీరంలో ఎర్రమట్టి దిబ్బల్లాంటి వదులు మట్టి చాలా చోట్ల ఉంది, ఖోండలైట్ కూడా పైన చాలా మీటర్లు కుళ్ళిపోయి మెత్తబడి ఉంటుంది.


సిగ్నల్_సూరిబాబు

మంచి మాట. ఆ మట్టి వల్లే మొదటి సెకను లోపల ఇంకో చిన్న మూపురం వస్తుంది, పీ పీక్ సున్నా దగ్గర కాకుండా ఒక దశాంశం పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. శైలు గారూ, మీ ట్రేసుల్లో అది ఉంటే లేటు ఎక్కడి నుంచి కొలుస్తున్నారో ఒకసారి చూసుకోండి.


శైలు_జాలరిపేట

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. పది రోజులు పట్టింది అన్నీ చేసేసరికి, అందుకే ఇంత లేటు.

ముందు హైదరాబాద్ చేశాను మాస్టారూ. పీక్ 4.0 దగ్గర సన్నగా, సూదిలా వచ్చింది, హెచ్-కప్పాలో చుక్క కూడా చక్కగా 33 దగ్గర కూర్చుంది. అది చూసినప్పుడు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండు నెలల్నుంచి నా కోడే తప్పేమో అని నిద్ర పట్టలేదు.

సూరిబాబు గారు చెప్పినట్టు ఉత్తరం తిప్పి చూశాను, రెండు మూడు డిగ్రీలకి మించి తేడా లేదు, అది కూడా అన్ని దిక్కులకీ ఒకేలా లేదు. స్టేషన్ రాయి మీదే ఉందని గైడ్ గారు చెప్పారు, కానీ పైన మెత్తబడిన పొర ఉంది, అర సెకను దగ్గర చిన్న మూపురం నిజంగానే ఉంది. తుఫాను రోజులవి, వానాకాలంలో బాగా గొడవగా ఉన్నవి తీసేస్తే 61 ఈవెంట్లకి 34 మిగిలాయి. పడమటివి ఏజియన్ ఒకటి, టర్కీ తరువాతి షాకుల్లో రెండు కలిసి మొత్తం ఐదయ్యాయి, 2017ది నా డేటా కంటే ముందుది.

మూవౌట్ కరెక్షన్ చేసి అన్నిటినీ రే పారామీటర్ 0.06కి తెచ్చి మూడు గుంపులు చేశాను. బండా, పాపువా న్యూగినీ వైపు 4.2. జపాన్ వైపు 4.4. వాయవ్యం 4.7. అదే 6.4, అదే 1.75 పెడితే వరసగా 34.3, 35.9, 38.4 కిలోమీటర్లు. సముద్రం కింద తక్కువ, తీరం వెంబడి మధ్యస్తం, కొండల వైపు ఎక్కువ. కాయితం మీద ఆ మూడు అంకెలూ రాసి మ్యాప్ పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ప్రతిధ్వనులు మాత్రం వాయవ్యం గుంపులో 15 దాటాక బాగా కనిపిస్తున్నాయి, సముద్రం వైపు గుంపులో దాదాపు లేవు. అది ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు రిపోర్టులో మోహో వాలుగా ఉంది అని రాసెయ్యొచ్చా?

నాన్నకి కూడా చూపించాను. నేరుగా కింద కాదు, వచ్చిన దిక్కుకి పక్కన చూస్తుందని చెప్తే వెంటనే పట్టుకున్నారు. "మా ఎకో అయితే బోటు కిందే చూపిస్తాది, మీది పక్కకి చూస్తాదన్నమాట, అయితే నేను వేటాడే చోట ఎన్ని బారలు" అన్నారు. పద్దెనిమిది వేల ఏడొందలు అన్నాను. "సింహాచలం కింద?" అన్నారు. ఇరవై ఒక్క వేలు. "అప్పన్న కొండ కదా, పునాది పెద్దదే ఉంటాది" అన్నారు.


పాత_సీస్మో_మాస్టారు

అమ్మా, చాలా మంచి పని చేశావు. మీ నాన్నగారు అన్నమాట మా వాళ్ళు నూటయాభై ఏళ్ళకి ముందే చెప్పారు, కొండ ఎంత ఎత్తుంటే దాని వేరు అంత లోతుంటుంది, క్రస్ట్ సాంద్రత 2.8, మాంటిల్ 3.3 అనుకుంటే కిలోమీటరు ఎత్తుకి అయిదున్నర కిలోమీటర్ల పైన వేరు. అయితే సింహాచలం కొండ ఒక్కదానికే అంత వేరు ఉండదు, అది చిన్నది, నువ్వు చూస్తున్నది ఆ వెనకాల అరకు దాకా లేచిన కనుమలన్నిటి మొదలు.

ప్రతిధ్వనులు సముద్రం వైపు ఎందుకు లేవంటే, బొమ్మ గీసి చూడు. ప్రతిధ్వని కావాలంటే పీ ముందు నేల దాకా వచ్చి, అక్కడ తగిలి, కిందికెళ్ళి, మోహోకి తగిలి మళ్ళీ పైకి రావాలి. అది నేలని తాకే చోటు నీ స్టేషన్‌కి ఇరవై కిలోమీటర్లు పైనే దూరం, మొదట మోహో దాటిన చోటు దాదాపు 39. వాయవ్యంలో అయితే అది గట్టి నేల. సముద్రం వైపు అయితే అక్కడ పైన నీళ్ళు, కింద మట్టి పొరలు, ఆ కింద పలచబడుతున్న క్రస్ట్, వాలుగా ఉన్న మోహో. ఆ ప్రతిధ్వని చెల్లాచెదురై పోతుంది. అది లేకపోవడం కూడా నీకు ఒక సాక్ష్యమే, రిపోర్టులో తప్పకుండా రాయి.

వాలుగా ఉంది అని రాసెయ్యొచ్చా అంటే, ఇంకా వద్దు. మూడు గుంపులకీ అదే 1.75 పెట్టావు, కొండల వైపు కింద రాయి వేరై నిష్పత్తి 1.80 ఉంటే ఆ 38.4 కాస్తా 36కి వచ్చేస్తుంది, సముద్రం వైపుకీ దానికీ తేడా రెండు కిలోమీటర్ల లోపుకి దిగిపోతుంది. వాయవ్యంలో ప్రతిధ్వనులు బాగున్నాయన్నావు కాబట్టి ఆ గుంపు ఒక్కదానికే హెచ్-కప్పా చెయ్యి, అక్కడ నిష్పత్తి నిజంగా ఎంతో తేలుతుంది. ఆ ఐదు ఈవెంట్లలో ఒక్కోదాన్ని తీసేసి మళ్ళీ మళ్ళీ స్టాక్ చేసి అంకె ఎంత ఊగుతుందో చూడు, ఊగినంత మేర ప్లస్ మైనస్ రాయి. వాలుంటే టాంజెన్షియల్‌లో 4.5 సెకన్ల చుట్టూ కూడా శక్తి కనపడాలి, వాలు దిక్కుకి ఇటూ అటూ గుర్తు మారాలి, అది ఉందో లేదో ఇంతవరకు నువ్వు చెప్పలేదు. నైరుతి నుంచి నీకు ఒక్కటీ లేదు, హిందూ మహాసముద్రంలో నైరుతి రిడ్జ్ మీద అప్పుడప్పుడు 6 దాకా వస్తాయి, పాత డేటాలో వెతుకు, ఒక్కటి దొరికినా విలువైనదే.

ఆ మైక్రోసీజం ఉంది చూశావా, సూరిబాబు దాన్ని కడగమన్నాడు, సరే, కానీ దాన్నే పారెయ్యకుండా దాచిపెట్టు. రెండో స్టేషన్ ఏదైనా దొరికితే ఆ రెండిటి సముద్రపు రొదని నెలల తరబడి క్రాస్ కోరిలేట్ చేస్తే, అంటే ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే, మధ్యలో ఉపరితల తరంగం వేగం బయటపడుతుంది, దాన్నుంచి ఎస్ వేగం వస్తుంది, రిసీవర్ ఫంక్షన్‌తో కలిపి ఇన్‌వర్ట్ చేస్తే నువ్వు ఊహించిన ఆ వేగం ఇక ఊహించక్కర్లేదు. ఎకో సౌండర్‌కి నీళ్ళ వేగం తెలిసినట్టు నీకూ తెలుస్తుంది.

ముందు ఆ టాంజెన్షియల్ ట్రేసులు దిక్కుల వరసలో పేర్చి ఇక్కడ పెట్టు, ఆదివారం కూర్చుని చూస్తాను.


శైలు_జాలరిపేట

పెడతాను మాస్టారూ. రేపు రాత్రికి గీసేస్తాను. రెండో స్టేషన్ గురించి గైడ్ గారిని అడిగాను, అరకు దారిలో ఒకటి కొన్నాళ్ళు నడిచిందట, హార్డ్‌డిస్కు వెతుకుతానన్నారు.